రేనాటి దారిన వచ్చిన విద్యార్థి

పిల్లలూ! మీ ఇంట్లోనో, మీ వీధిలోనో ఒక అన్నో, అక్కో పై చదువుకు విదేశం వెళ్లే ఉంటారు. అలా వెళ్లేవాళ్లందరూ ఏళ్ల తరబడి అక్కడే ఉండిపోరు. కొందరు ఒక్క సెమిస్టరు, అంటే నాలుగైదు నెలలు, పరాయి దేశపు విశ్వవిద్యాలయంలో చదువుకుని, తిరిగి వచ్చి తమ కాలేజీలోనే చదువు ముగిస్తారు. పై దేశాల విద్యార్థులు కూడా ఇలాగే మన దగ్గరికి వస్తారు. హైదరాబాదు విశ్వవిద్యాలయంలో ఇందుకోసం ప్రత్యేకమైన ఏర్పాటే ఉన్నది.

ఇదేదో కొత్త పద్ధతి అనుకునేరు! సుమారు 1400 ఏళ్ల కిందట ఒక చైనా విద్యార్థి తెలుగుదేశంలోని ఒక నగరంలో సరిగ్గా ఇలాగే కొన్ని నెలలు చదువుకున్నాడు. చదువు ముగిసిన తరువాత మన రాయలసీమ వైపుగా దక్షిణానికి సాగిపోయాడు. దారిలో తాను చూసినదంతా రాసిపెట్టాడు. ఆ రాతలో మన సీమకు దక్కిన మెప్పు చాలా తక్కువ. అయినా అది మనం చదవవలసిందే.

ముందుగా ఆ సీమ ఎలాంటిదో చూద్దాం. మీరు గుంతకల్లులో రైలెక్కి గుత్తి, అనంతపురం మీదుగా ధర్మవరం వైపు వెళ్లండి. కిటికీలోంచి చూస్తే ఎర్రనేలలు, వాటి మధ్య ఒకదానిమీద ఒకటి పేర్చినట్టుండే బండరాళ్ల గుట్టలు కనిపిస్తాయి. వాన పడితే వేరుశనగ చేలు పచ్చగా ఉంటాయి. పడకపోతే తంగేడు పొదలే పచ్చగా ఉంటాయి. పెన్నానది పేరుకు నది. ఏడాదిలో చాలా నెలలు అందులో ఇసుకే ఉంటుంది.

ఇక్కడ ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడుతుంది. మన దేశంలో రాజస్థానంలోని జైసల్మేరు తరువాత అతి తక్కువ వాన పడే జిల్లా అని అనంతపురానికి పేరు. దీనికి కారణం తెలుసుకోవటం కష్టం కాదు. నైరుతి ఋతుపవనాలు అరేబియా సముద్రం మీదినుంచి వచ్చి పడమటి కనుమలకు కొట్టుకుంటాయి. మేఘాలు ఆ కొండలెక్కుతూ తమ నీటిలో ఎక్కువ భాగం అవతలి వైపే కురిపించేస్తాయి. కొండ దాటి ఇటు వచ్చేసరికి వాటిలో మిగిలేది కొంచెమే. పోనీ, ఈశాన్య ఋతుపవనాలైనా ఆదుకుంటాయా అంటే, అవి బంగాళాఖాతం నుంచి ఇంత దూరం వచ్చేలోపల దారిలోనే చాలా మటుకు కురిసిపోతాయి. రెండు వైపుల నుంచీ విందుకు పిలుపు ఉండి, రెండు చోట్లా వంట అయిపోయాక చేరుకున్నవాడి పరిస్థితి అనంతపురానిది!

అందుచేత ఇక్కడివాళ్లు పూర్వం నుంచీ చెరువులను నమ్ముకున్నారు. అనంతపురం అన్న ఊరి పేరు కూడా 14వ శతాబ్దంలో, విజయనగర రాజుల కాలంలో కట్టిన అనంతసాగరమనే చెరువునుబట్టి వచ్చిందే.

పెన్న తాడిపత్రిని దాటి కడప జిల్లాలో ప్రవేశిస్తుంది. అక్కడి నుంచి ఆ నదికి రెండు వైపులా ఉన్న ప్రాంతాన్ని పూర్వం రేనాడు అనేవారు. నేటి కడప జిల్లా, దానిని ఆనుకుని ఉన్న అనంతపురం, కర్నూలు, చిత్తూరు జిల్లాల భాగాలు రేనాటి చోళ రాజుల ఏలుబడిలో ఉండేవి. మన విద్యార్థి వచ్చినది ఈ దారినే.

ఆయన పేరు హుయాన్‌త్సాంగ్. బౌద్ధ సన్యాసి. ఆయన 602లో పుట్టాడనీ, 629లో చైనా విడిచి బయలుదేరాడనీ సాధారణంగా చెబుతారు. చైనాలో ఆయనకు దొరికిన బౌద్ధ గ్రంథాల అనువాదాలు ఒకదానితో ఒకటి పొసగలేదు. ఒక పండితుడు ఒక విధంగా, మరొకరు ఇంకొక విధంగా అర్థం చెప్పేవారు. మూలగ్రంథాలు పుట్టిన దేశానికే పోయి, అక్కడి గురువుల దగ్గరే చదవాలని ఆయన నిశ్చయించుకున్నాడు. కాని ఆ రోజుల్లో సరిహద్దు దాటరాదని చక్రవర్తి ఆజ్ఞ. హుయాన్‌త్సాంగ్ పగలు దాక్కుంటూ, రాత్రులు నడుస్తూ, దొంగచాటుగా దేశం దాటాడు.

దాటగానే ఎడారి. దారి తప్పాడు. నీళ్ల తిత్తి చేతిలోంచి జారి, ఉన్న నీరంతా ఇసుకపాలైంది. వెనక్కు తిరిగి కొంత దూరం నడిచాడు కూడా. కాని భారతదేశం చేరేదాకా తూర్పుకు అడుగు వెయ్యనని తాను చేసుకున్న ప్రతిజ్ఞ జ్ఞాపకం వచ్చి మళ్లీ పడమటికే గుర్రాన్ని మళ్లించాడు. నాలుగు రాత్రులూ, అయిదు పగళ్లూ చుక్క నీరు లేదు. చివరకు గుర్రమే వాసన పట్టి ఒక నీటిమడుగు దగ్గరికి తీసుకుపోయింది. దాహం అంటే ఏమిటో ఆయనకు ఒకరు చెప్పనక్కరలేదు.

నలందా విశ్వవిద్యాలయంలో ఆయన శీలభద్రుడనే వృద్ధ గురువు దగ్గర సుమారు అయిదేళ్లు చదివాడు. సంస్కృతంలో వాదించగల పండితుడైనాడు. ఇక ఇంటికి వెళ్లిపోవచ్చు కదా? లేదు. సింహళంలో మంచి పండితులున్నారని విని, అక్కడికి వెళ్లాలనుకున్నాడు. ఓడ ఎక్కటానికి బెంగాలులోని తామ్రలిప్తి రేవుకు పోతే, దక్షిణదేశపు సన్యాసి ఒకడు కనిపించి, సముద్రం మీద తుఫానులూ, యక్షుల భయమూ ఉన్నాయనీ, నేలదారిన దక్షిణపు కొసదాకా వెళితే అక్కడి నుంచి సింహళం మూడు రోజుల ప్రయాణమేననీ చెప్పాడు. ఆ సన్యాసి మాట విని హుయాన్‌త్సాంగ్ కాలినడకను ఎంచుకోబట్టి కదా, తెలుగుదేశం గురించి మనకు ఇన్ని సంగతులు తెలిశాయి!

కళింగం, దక్షిణ కోసలం దాటి ఆయన ఆంధ్రదేశానికి వచ్చాడు. అప్పటి రాజధాని వేంగి. ఇక్కడివారి భాష, మాటల కూర్పు మధ్యదేశపు భాషకంటె వేరుగా ఉన్నాయనీ, లిపి మాత్రం చాలా మటుకు ఒకటేననీ ఆయన రాశాడు. కొత్త ఊళ్లో అడుగుపెట్టగానే మాట వేరు, రాత ఒకటి అని కనిపెట్టాడంటే ఆయన చెవీ కన్నూ ఎంత చురుకైనవో చూడండి.

వేంగి నుంచి వెయ్యి లీలకు పైగా దక్షిణంగా నడిచి ధాన్యకటకం చేరాడు. లీ అనేది చైనావారి దూరపు కొలత. ఇంచుమించు అర కిలోమీటరు అనుకోండి. ధాన్యకటకం అంటే కృష్ణ ఒడ్డున నేటి అమరావతి పక్కనున్న ధరణికోట. ఇది 639-640 ప్రాంతం. అప్పటికి ఆయన వయసు ముప్పై ఏడో, ముప్పై ఎనిమిదో. అంత పెద్దవాణ్ణి విద్యార్థి అనటమేమిటని మీరు నవ్వుతారేమో! ఎదుట గురువు కూర్చుని ఉండి, తెలియనిది ఒకటి మిగిలి ఉంటే, ఏ వయసువాడైనా విద్యార్థే.

ఆ నగరం ఆయన వచ్చేసరికే వైభవం కోల్పోతున్నది. సాతవాహనుల కాలంలో బౌద్ధానికి పెద్ద కేంద్రమైన ఆ ప్రాంతంలో విహారాలు ఇంకా చాలా ఉన్నాయి గాని, వాటిలో ఎక్కువ భాగం పాడుపడ్డాయి. ఇరవై విహారాలు మాత్రం బాగున్నాయనీ, వెయ్యిమంది సన్యాసులున్నారనీ ఆయన లెక్క చెప్పాడు. నగరానికి తూర్పున కొండ పక్కన పూర్వశైల విహారం, పడమట కొండ పక్కన అపరశైల విహారం ఉండేవి. అక్కడ నూరేళ్లుగా సన్యాసులెవరూ లేరట. కొండదేవతలు తోడేళ్ల రూపంలో, కోతుల రూపంలో వచ్చి దారినపోయేవారిని భయపెడతాయని జనం ఆయనకు చెప్పారు. పాడుపడిన భవనంలో తోడేళ్లూ కోతులూ చేరటానికి దేవతలే కావాలా అని నాకు అనిపిస్తుంది. ఆయన మాత్రం విన్నది విన్నట్టు రాశాడు.

ఆయన అక్కడ విన్న కథ ఇంకొకటి ఉన్నది. భావవివేకుడనే ఆచార్యుడికి, రాబోయే బుద్ధుడైన మైత్రేయుడు వచ్చేదాకా బతికి ఉండి, తన సందేహాలు ఆయననే అడగాలని కోరిక కలిగింది. దేవత చెప్పిన ప్రకారం ధాన్యకటకానికి దక్షిణంగా ఉన్న కొండచరియ దగ్గర మూడేళ్లు జపం చేశాడు. తరువాత ఒక ఆవగింజను మంత్రించి రాతిమీద విసిరితే, రాయి తలుపులా తెరుచుకున్నది. లోపల అసురుల భవనం! చూడవచ్చిన జనాన్ని ఆయన రమ్మని పిలిచాడు. అది పాముల పుట్ట అని భయపడి అందరూ వెనక్కు తగ్గారు. ఆరుగురు మాత్రం ఆయన వెంట నడిచారు. వాళ్లు లోపలికి పోగానే రాయి మూసుకున్నది. బయట మిగిలినవాళ్లు అయ్యో అనుకున్నారట. సందేహం తీరటానికి ఒక మనిషి ఎంతకాలమైనా కాచుకుని ఉంటాడన్న ఈ కథ, సందేహం తీర్చుకోవటానికే ఎడారి దాటి వచ్చినవాడికి నచ్చటంలో వింతేమున్నది?

ఇక అసలు సంగతి. ధాన్యకటకంలో హుయాన్‌త్సాంగ్‌కు ఇద్దరు సన్యాసులు తటస్థపడ్డారు. ఒకరి పేరు సుభూతి, మరొకరి పేరు సూర్య. ఇద్దరూ మహాసాంఘిక శాఖ గ్రంథాల్లో ఆరితేరినవారు. ఇది హుయాన్‌త్సాంగ్ అనుసరించిన మహాయానం కాదు. అంతకంటె పాత శాఖ. నలందాలో అంత చదివి, అంత పేరు తెచ్చుకున్నవాడు, నాకు రానిది మీ దగ్గర ఏముంటుందిలే అని సాగిపోవచ్చు. ఆయన అలా చెయ్యలేదు. కొన్ని నెలలపాటు అక్కడే ఆగి, వారి దగ్గర మూలాభిధర్మం మొదలైన శాస్త్రాలు చదువుకున్నాడు. ఆ నెలల్లోనే వారిద్దరూ ఆయన దగ్గర మహాయాన శాస్త్రాలు చదువుకున్నారు!

ఇది కొంచెం ఆలోచించండి. ఒక పాఠంలో గురువు, మరొక పాఠంలో శిష్యుడు. ఇలా ముగ్గురూ అటూ ఇటూ మారుతూ చదివారన్నమాట. ఒకరి తల్లిభాష చైనా భాష. అయినా సంస్కృతం ముగ్గురినీ కలిపింది. ఈ సంగతి మనకు చెప్పినవాడు హుయాన్‌త్సాంగ్ శిష్యుడు హుయిలి. ఆయన తన గురువు జీవితచరిత్ర రాస్తూ, సుభూతి, సూర్యల పేర్లు మరిచిపోకుండా చేర్చాడు. ఈ చరిత్ర లేకపోతే ఆ ఇద్దరు పంతుళ్ల పేర్లు మనకు తెలిసేవి కావు.

చదువు ముగిసేసరికి వారి మధ్య ఎంత స్నేహం కుదిరిందంటే, ముగ్గురూ కలిసి పుణ్యస్థలాలు చూడటానికి బయలుదేరారు.

ధాన్యకటకం నుంచి నైరుతిగా వెయ్యి లీలు పోతే చుళియ అనే రాజ్యం వస్తుందని హుయాన్‌త్సాంగ్ గ్రంథం చెబుతున్నది. ఈ చుళియ రేనాటి చోళుల రాజ్యమేనని చరిత్రకారులు చాలామంది అభిప్రాయం. ఆయన దానిని గురించి ఏమన్నాడో వినండి. దేశమంతా పొదలూ చిత్తడి నేలలూ అల్లుకుని అడవిగా ఉన్నది. జనం బహు కొద్ది. దొంగలు పట్టపగలే తిరుగుతారు. ఎండలు మెండు. మనుషులు కఠినులు. బౌద్ధ విహారాలు పాడుబడ్డాయి; కొద్ది మంది సన్యాసులు మిగిలారు. దేవాలయాలు కొన్ని పదులున్నాయి. దిగంబర జైనులు చాలామంది ఉన్నారు.

సీమవాళ్లకు కోపం వచ్చిందా? కాస్త ఆగండి. దొంగల మాట ఆయన ఊరికే అనలేదు. గంగమీద పడవలో పోతుండగా దొంగలు ఆయనను పట్టుకుని దుర్గకు బలి ఇవ్వబోయారు. సమయానికి గాలివాన లేచి, వాళ్లు భయపడి వదిలేశారు. కనుక దొంగలు ఒక్క రేనాటి సొత్తు కాదు. ఇక చిత్తడి నేలలంటారా? ఇప్పుడు అనంతపురం వెళ్లి ఆ మాట అంటే నవ్వుతారు. కాని రేనాడు అంటే ఒక్క ఎర్రనేల మెట్ట కాదు. నల్లమల, పాలకొండలు, శేషాచలం ఇవాళ్టికీ అడవులే. ఆ రోజుల్లో అడవి ఇంకా కిందికి దిగి ఉండటంలో ఆశ్చర్యం లేదు.

జైనుల మాటకైతే నేటికీ సాక్ష్యాలున్నాయి. గుంతకల్లుకు దగ్గరలో కొనకొండ్ల అనే ఊరున్నది. అక్కడి గుట్టమీద బండలకు చెక్కిన దిగంబర జైన మూర్తులు ఉన్నాయి. జైనులు ఎంతో గౌరవించే కుందకుందాచార్యుడిది ఆ ఊరేనని పరంపరగా చెబుతారు.

అయితే దారినపోయేవాడు ఎంత తెలివైనవాడైనా, ఆయనకు కనపడనివి కొన్ని ఉంటాయి. హుయాన్‌త్సాంగ్ కొద్దిమంది జనమున్న అడవి అన్న ఆ రేనాటిలోనే, ఆయన రావటానికి సుమారు 65 ఏళ్లు ముందే, ఒక గొప్ప పని జరిగింది. ఆ రోజుల్లో రాజులు శాసనాలు ప్రాకృతంలోనో, సంస్కృతంలోనో వేయించేవారు. రేనాటి చోళ రాజు ధనంజయుడు మాత్రం జనం మాట్లాడే తెలుగులోనే రాతిమీద శాసనం చెక్కించాడు. కడప జిల్లా ఎర్రగుంట్ల దగ్గర కలమల్ల గ్రామంలో, చెన్నకేశవస్వామి గుడి ఆవరణలో ఆ రాయి దొరికింది. అది 575 నాటిదని పండితులు లెక్క కట్టారు. మనకు దొరికిన తెలుగు శాసనాలలో అదే మొదటిదంటారు. తీరంలోని నగరాల్లో కాదు, ఈ మెట్టసీమలో తెలుగు మొదట రాతికెక్కింది! మధ్యదేశపు మాటకూ ఆంధ్రుల మాటకూ తేడా కనిపెట్టినవాడికి ఎవరైనా ఈ రాళ్లను చూపించి ఉంటే తప్పక రాసేవాడు. ఆయన అడిగినవి విహారాలూ, స్తూపాలూ. జనం చూపించినవీ అవే.

రేనాడు దాటి, అడవుల గుండా పదిహేను వందల లీలకు పైగా నడిచి ఆయన ద్రావిడదేశపు రాజధాని కాంచీపురం చేరాడు. అక్కడ సింహళం నుంచి అప్పుడే వచ్చిన మూడు వందల మందికి పైగా సన్యాసులు కనిపించారు. తమ రాజు చనిపోయాడనీ, దేశంలో కరువనీ, అందుకే పారిపోయి వచ్చామనీ వారన్నారు. దేని కోసం ఇంత దూరం నడిచాడో ఆ సింహళ ప్రయాణం అంతటితో ఆగిపోయింది. తిరిగి ఉత్తరానికి మళ్లాడు. ఆ రకంగా చూస్తే ఆయన దక్షిణ యాత్రలో అనుకున్న చదువు సాగనే లేదు. అనుకోకుండా ధాన్యకటకంలో దొరికిన నాలుగు నెలల చదువే మిగిలింది. నాలుగు అని నోటి మాటగా అన్నాను సుమా! హుయిలి కొన్ని నెలలు అనే రాశాడు.

645లో ఆయన చైనా రాజధాని చాంగాన్‌కు చేరినప్పుడు ఇరవై గుర్రాలమీద 657 గ్రంథాలు వెంట వచ్చాయి. అంతకు ముందు సింధునది దాటేటప్పుడు పడవ ఒరిగి, యాభై గ్రంథాలూ, మనదేశపు పూలమొక్కల విత్తనాలూ నీళ్లపాలైనాయి. పోయిన గ్రంథాల పట్టిక రాసి, మళ్లీ పంపించమని ఏళ్ల తరువాత కూడా నలందాకు ఉత్తరం రాశాడు. దొంగచాటుగా దేశం దాటినవాణ్ణి శిక్షించటానికి బదులు చక్రవర్తి గౌరవించాడు. గ్రంథాలను భద్రం చేయటానికి 652లో ఒక గోపురం కట్టారు. చాంగాన్‌కు ఇప్పటి పేరు షియాన్. అక్కడ ఆ గోపురం, తరువాతి కాలపు మరమ్మతులతో, నేటికీ నిలిచి ఉన్నది.

ఆయన తెచ్చిన గ్రంథాలలో మహాసాంఘిక శాఖవి 15. 664లో చనిపోయేలోగా ఆయన 75 గ్రంథాలను చైనా భాషలోకి అనువదించాడు. కాని సుభూతి, సూర్యలు చెప్పిన మూలాభిధర్మం వాటిలో లేదు. ఈనాడు అది సంస్కృతంలోనూ దొరకటం లేదు, చైనా భాషలోనూ దొరకటం లేదు. బౌద్ధంలోని శాఖలను వివరించే ఒక చిన్న గ్రంథాన్ని మాత్రం ఆయన 662లో అనువదించాడు. అందులో అపరశైల శాఖ పేరు ఉన్నది. అపరశైలం జ్ఞాపకముందా? ధాన్యకటకానికి పడమట, తోడేళ్ల భయం ఉండే విహారం! ఆ పేరు చైనా లిపిలో రాస్తున్నప్పుడు ఆయనకు కృష్ణ ఒడ్డు గుర్తుకు వచ్చే ఉంటుంది.

ధాన్యకటకంలో బౌద్ధం ఆ తరువాత కూడా చాలా కాలం కొనఊపిరితో నిలిచింది. అక్కడి ప్రతిమాగృహాన్ని ఒక సింహళ భిక్షువు బాగుచేయించినట్టు సింహళంలోని 1344 నాటి శాసనం చెబుతున్నది. అమరావతి శిల్పాలు ఇప్పుడు కొన్ని అక్కడి మ్యూజియంలో, చాలా భాగం చెన్నైలో, లండన్‌లో ఉన్నాయి.

చుళియ రాజధానికి ఆగ్నేయంగా అశోకుడు కట్టించిన స్తూపం ఒకటి ఉన్నదని హుయాన్‌త్సాంగ్ రాశాడు. స్తూపం సంగతి ఎలా ఉన్నా, అశోకుడి మాటలు మాత్రం ఈ సీమలోనే మీరు స్వయంగా చూడవచ్చు. గుత్తి నుంచి పత్తికొండ పోయే దారిలో, కర్నూలు జిల్లా సరిహద్దు దాటగానే ఎర్రగుడి వస్తుంది. అక్కడి బండలమీద క్రీస్తుకు పూర్వం 3వ శతాబ్దంలో అశోకుడు చెక్కించిన శాసనాలున్నాయి. ఎండ ఎక్కక ముందే వెళ్లండి. నీళ్లు తీసుకుపోవటం మరవకండి. ఒక శాసనంలో చెక్కినవాడు చిత్రమైన పని చేశాడు: కొన్ని పంక్తులు ఎడమనుంచి కుడికీ, కొన్ని కుడినుంచి ఎడమకూ నడుస్తాయి, అరక దున్నే ఎద్దులు గట్టు దగ్గర మళ్లినట్టు. అలా మళ్లిన పంక్తిలో అక్షరాలు ఎటు తిరిగి ఉన్నాయో మీరే పోల్చి చూడండి.